పొదిలి ఎండలో హీటర్ పెట్టె

పొదిలివాడు కారు హీటర్ గురించి రాస్తున్నాడంటే మా ఊళ్ళో వాళ్ళే ముందు నవ్వుతారు. మే నెల మిట్టమధ్యాహ్నం మార్కాపురం బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డవాడికి హీటర్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఊరంతా అదే :-)

అయినా రాస్తున్నాను. పాత కార్లు బాగుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్ళని, ముఖ్యంగా పాత బ్రిటిష్ కార్లవాళ్ళని, "అన్నిటికంటే విసుగు పుట్టించే పని ఏది?" అని అడిగి చూడండి. ఇంజన్ దించడం అనరు, గేర్‌బాక్స్ అనరు. డ్యాష్‌బోర్డ్ వెనకాల దాక్కునే హీటర్ పెట్టెని బయటికి తియ్యడం అంటారు. ఆ పెట్టె కథ తవ్వుకుంటూ పోతే అది మన అంబాసిడర్ల దాకా, మన ఘాట్ రోడ్ల దాకా, చివరికి మన ఇప్పటి కార్ల దాకా వచ్చింది.

ముందు ఆ పెట్టె ఏంటో చూద్దాం. ఇంజన్ని చల్లబరచడానికి దాని చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయని అందరికీ తెలుసు. ఆ వేడినీళ్ళలో కొంత పక్కకి మళ్ళించి, పుస్తకమంత సైజులో ఉండే చిన్న రేడియేటర్లోకి పంపిస్తారు. దాని వెనక ఒక ఫ్యాను. ఈ రెండిటికీ కలిపి రేకుతో ఒక పెట్టె. పెట్టెలో ఒకటో రెండో రేకు తలుపులు, వాటిని తిప్పడానికి డ్యాష్‌బోర్డ్ మీది నాబ్ నుంచి వచ్చే తీగ. తలుపు ఒకవైపు తిప్పితే వేడిగాలి ముందు అద్దం మీదికి, ఇంకోవైపు తిప్పితే కాళ్ళ మీదికి. అంతే. ఇందులో రాకెట్ సైన్స్ ఏమీ లేదు. పెట్టె కట్టడం సులువే, అది కూర్చున్న చోటే చిక్కు.

కారులో వెచ్చదనం ఎక్కణ్ణించి తేవాలన్న ప్రశ్న కారు కంటే పెద్దగా చిన్నదేమీ కాదు. 1893లో మార్గరెట్ విల్‌కాక్స్ అనే అమెరికన్ మహిళ హీటర్‌కి పేటెంట్ తీసుకుంది, అది రైలు పెట్టెల కోసం. కార్లొచ్చిన కొత్తల్లో కాళ్ళ కింద కాల్చిన ఇటుకలు, బొగ్గు పెట్టెలు, ఒంటి మీద రగ్గులు. తర్వాత పొగగొట్టం వేడినే లోపలికి మళ్ళించారు. 1920ల చివర్లో వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏకి అలాంటివి బిగించుకునేవాళ్ళు. ఎక్కడన్నా చిల్లు పడితే వేడితో పాటు పొగ కూడా లోపలికొచ్చేది, అందులో కార్బన్ మోనాక్సైడ్. దానికంటే చలే నయం. చివరికి వేడినీళ్ళ పద్ధతి నిలబడింది. 1938లో నాష్ అనే అమెరికన్ కంపెనీ బయటి గాలిని వడకట్టి, వేడిచేసి లోపలికి పంపే ఏర్పాటు తెచ్చింది. అదే కంపెనీ 1954లో హీటర్నీ ఏసీనీ ఒకే వ్యవస్థగా కలిపి కారు ముందు భాగంలో ఇమిడ్చింది. ఆ కారు పేరు వింటే మీరు నవ్వుతారు - నాష్ అంబాసిడర్! మన అంబాసిడర్‌కీ దానికీ చుట్టరికం ఏమీ లేదు, పేరొకటే.

అమెరికాలో ఇలా ఉంటే బ్రిటన్‌లో మాత్రం చాలాకాలం హీటర్ ఎక్స్‌ట్రా. డబ్బులు కడితే పెడతారు, లేకపోతే లేదు. 1962లో వచ్చిన ఎంజీబీ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకి కూడా మొదట్లో అంతే. ఈ ఎంజీబీయే మన కథకి పెద్ద సాక్షి. 1980 వరకు 5 లక్షలకి పైగా తయారయ్యాయి కాబట్టి, పాత బ్రిటిష్ కార్లు బాగుచేసుకునేవాళ్ళలో దీని తాలూకు వాళ్ళే ఎక్కువ. వాళ్ళలో ఒక పాత జోకు ఉంది: ఫ్యాక్టరీలో ముందు హీటర్ పెట్టెని గాల్లో వేలాడదీసి, తర్వాత దాని చుట్టూ కారు కట్టారని.

జోకులో నిజం లేకపోలేదు. ఇంజనుకీ మనుషులకీ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది కదా, ఎంజీబీలో ఆ గోడకున్న గూట్లో హీటర్ పెట్టె కూర్చుంటుంది. సగం ఇంజన్ వైపు, సగం లోపలి వైపు. కొత్త బాడీ ఖాళీగా ఉన్నప్పుడు పైనుంచి దించి స్క్రూలు బిగిస్తే రెండు నిమిషాల పని. దాని తర్వాత వైర్లు, డ్యాష్‌బోర్డ్, ఇంజను, గొట్టాలు, కార్పెట్ ఒక్కొక్కటే వచ్చి దాని దారి మూసేస్తాయి. బిగించినవాడికి హాయిగానే ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత చిన్న రేడియేటర్ కారి కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసినప్పుడు, దాన్ని తియ్యాల్సినవాడికి తెలుస్తుంది ఆ హాయి ఎవరి ఖర్చుతో వచ్చిందో. మన ఫీల్డులో పాత కోడ్ ముట్టుకున్నవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఒక చిన్న ఫంక్షన్ తీసేద్దామని కూర్చుంటే నలభై ఫైళ్ళు ఎర్రగా వెలుగుతాయి. రాసినవాడు ఎప్పుడో కంపెనీ మారిపోయి ఉంటాడు.

మిషిగన్‌లో ఉండే మా టీమ్ సీనియర్ ఒకాయన, గుంటూరాయన, ఆమధ్య ఒక ఎంజీబీ కొన్నారు. రెండు శనివారాలు ఈ పెట్టెతో కుస్తీ పట్టి, సోమవారం కాల్‌లో వేళ్ళకి ప్లాస్టర్లతో కనిపించారు. ఆయన పడ్డ పాట్లు, ఆ తర్వాత నేను చదివినవి కలిపితే తేలిందేంటంటే, పెట్టె రాకపోవడానికి కారణం స్క్రూలు కాదు. స్క్రూలు కనిపిస్తాయి, తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రి నూనె పోసి వదిలేస్తే మర్నాడు కదులుతాయి. అసలు శత్రువులు మూడు. ఒకటి, పెట్టెకీ గోడకీ మధ్య పెట్టిన స్పాంజి. నలభై యాభై ఏళ్ళకి అది జిగురైపోయి, తర్వాత రాయైపోయి రెండు రేకుల్నీ అతికించేస్తుంది. అన్ని స్క్రూలూ తీసేశాక కూడా పెట్టె ఇంచి కదలదు, ఇంకేదో స్క్రూ మిగిలిపోయిందేమోనని మనిషి గంటసేపు వెతుక్కుంటాడు. సన్నటి హాక్సా బ్లేడునో, పుట్టీ పట్టీనో ఆ సందులో చుట్టూ తిప్పి కోస్తే అప్పుడు వదులుతుంది. రెండు, ముందు అద్దానికి గాలి పంపే గొట్టాలు. ఇవి లోపల్నుంచి పెట్టెలోకి దూరి ఉంటాయి, వాటిని ముందు లాగెయ్యకుండా పైకెత్తితే పెట్టె అడ్డం తిరుగుతుంది. మూడు, ఆ తీగ. దాని కొస డ్యాష్‌బోర్డ్ కింద చెయ్యి పట్టని చోట ఉంటుంది.

నాలుగోది శత్రువు కాదు గానీ కక్ష తీర్చుకునే రకం. ఇంజన్లో నీళ్ళు వదిలేసినా ఆ చిన్న రేడియేటర్లో కొంచెం మిగిలిపోతాయి. పెట్టెని వంచగానే తుప్పు రంగు నీళ్ళన్నీ సీటు మీద, కార్పెట్ మీద. ఒక గొట్టంలో మంచినీళ్ళు పోసి, ఇంకో దాంట్లోంచి వచ్చేదాకా కడిగి, తర్వాత నోటితోనో పంపుతోనో గాలి ఊది ఖాళీ చేసుకుంటే ఆ గొడవ లేదు. నోటితో అయితే ముందు బాగా కడగండి, కూలెంట్ విషం. ఆ కాలపు కార్లలో కొన్ని ప్యాకింగులూ వేడి ఆపే అట్టలూ ఆస్బెస్టాస్‌వి కూడా ఉండేవి. పాత స్పాంజి, అట్ట గీకేటప్పుడు తడిపి, మాస్క్ పెట్టుకుని గీకడం మంచిది. ఎండుగా గీకి దుమ్ము లేపొద్దు.

ఇక మన వైపుకొస్తే...

1942లో మొదలైన హిందుస్థాన్ మోటార్స్ 1948లో గుజరాత్‌లోని ఓఖా రేవు నుంచి బెంగాల్లోని ఉత్తర్‌పారాకి మారింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని తీసుకుని, 1950ల చివర్లో అంబాసిడర్‌గా దింపింది. తొందర్లోనే దానికి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ-సిరీస్ 1489 సీసీ ఇంజన్ వచ్చింది. ఎంజీబీలో ఉన్నది కూడా బీ-సిరీసే, 1798 సీసీ. అంటే మిషిగన్లో మా సీనియర్ షెడ్లో ఉన్న ఇంజనూ, పొదిలి బస్టాండు పక్కన పెళ్ళిళ్ళకి బాడుగ తిరిగిన అంబాసిడర్ ఇంజనూ అన్నదమ్ములే. ఒకడు చలిదేశానికి పోయాడు, ఒకడు ఎండకొచ్చాడు. చలిదేశం వాడికి హీటర్ పెట్టె తగులుకుంది. మనవాడికి? మన వైపు తిరిగిన అంబాసిడర్లలో హీటర్ చూసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గాలి కావాలా, ముందు డోరుకున్న మూడుమూలల చిన్న అద్దం తిప్పుకో. ఫియట్, తర్వాత పద్మిని అయిన బండిలోనూ అదే సౌకర్యం. చిన్నప్పుడు ఆ మూడుమూలల అద్దం పక్క సీటు కోసం నేనూ మా బాబాయి కొడుకులూ ఎన్నిసార్లు కొట్టుకున్నామో.

హీటర్ లేకపోవడం వల్ల మన మెకానిక్కులకి కలిగిన లాభం మామూలుది కాదు. ఇందులో పొదిలి ప్రత్యేకత ఒకటుంది. మా పశ్చిమ ప్రకాశంలో పొదిలి, కనిగిరి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు, పళ్ళు చూసి ఊరు చెప్పొచ్చంటారు. కానీ కారుని పాడుచేసేది ఫ్లోరైడ్ కాదు, నీళ్ళ గట్టిదనం, అంటే కాల్షియం, మెగ్నీషియం. అన్నం గిన్నెల అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్ డబ్బాలు అంతగా వాడకంలో లేని రోజుల్లో బోరు నీళ్ళే పోసేవాళ్ళు. పెద్ద రేడియేటరే మూసుకుపోతుంటే, దానికంటే సన్నటి గొట్టాలుండే హీటర్ రేడియేటర్ గతేంటి? అదే ముందు మూసుకుపోయేది, తర్వాత కారేది. అదే గనక మన అంబాసిడర్లలో ఉండి ఉంటే ఒంగోలు నుంచి గిద్దలూరు దాకా ప్రతి షెడ్డులో డ్యాష్‌బోర్డులు ఊడదీసి ఉండేవి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఇంజన్ వేడెక్కిపోతున్నప్పుడు హీటర్ ఫుల్లుగా పెట్టుకోమని చలిదేశాల డ్రైవర్లు చెప్తారు. వింటే పిచ్చిగా ఉంటుంది గానీ లెక్క సరైనదే. హీటర్ కూడా ఒక రేడియేటరే కాబట్టి ఇంజన్లోని వేడి కొంత మన ఒంటి మీదికి పోతుంది, ఇంజన్ బతుకుతుంది. ఈ సదుపాయం ఎక్కడ కావాలో అక్కడ, అంటే నల్లమలలో, మనకి లేదు. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడేదాకా పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా కేంద్రంలో పనిపడితే మార్కాపురం వాళ్ళు నల్లమల దాటాల్సిందే. దోర్నాల దాటి శ్రీశైలం ఎక్కేటప్పుడైనా, గిద్దలూరు నుంచి నంద్యాల వైపు ఘాట్ ఎక్కేటప్పుడైనా పాత బండ్లకి మందు ఒక్కటే: పక్కకి ఆపు, బానెట్ ఎత్తు, కూర్చో. బండి ముందు వేలాడే కాన్వాసు సంచిలో నీళ్ళు, రేడియేటర్ మూతకి తడిగుడ్డ. తొందరపడి మూత తిప్పి చేతులు కాల్చుకున్న డ్రైవర్ల కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి.

సరే, హీటర్ లేదు, సుఖంగా ఉన్నాం అనుకుంటుండగా ఏసీ వచ్చింది. అంబాసిడర్‌కి 1990ల్లో ఇసుజు 1.8 లీటర్ ఇంజన్ వచ్చింది, ఆఫీసర్ల తెల్ల బండ్లకి ఏసీ మామూలైపోయింది. పాత బండ్లకి బయట షెడ్లలో డ్యాష్‌బోర్డ్ కింద ఏసీ పెట్టె వేలాడదీసేవాళ్ళు. చూడ్డానికి బాగోదు, మోకాలికి తగులుతుంది. కానీ పాడైతే నాలుగు బోల్టులు విప్పి కింద పెట్టొచ్చు. నన్నడిగితే సర్వీసు కోణంలో అంత మంచి డిజైన్ తర్వాత మళ్ళీ రాలేదు. ఇప్పటి కార్లలో ఏసీ చల్లబరిచే కాయిలూ, హీటర్ రేడియేటరూ, ఫ్యానూ అన్నీ ఒకే ప్లాస్టిక్ పెట్టెలో, డ్యాష్‌బోర్డ్ లోపల. చాలా ఫ్యాక్టరీల్లో డ్యాష్‌బోర్డునీ ఈ పెట్టెనీ వైర్లతో సహా బయటే కలిపేసి, డోరు సందులోంచి మొత్తం ఒకేసారి లోపలికి దూరుస్తారు. లైన్లో నిమిషాలు మిగులుతాయి. కాయిలు కారిందా, గ్యాస్ తీసి, స్టీరింగ్ దించి, ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్లు విప్పి, డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదియ్యాలి. చాలా బండ్లలో సామాను ఖరీదు కంటే కూలీ ఎక్కువ. ఊడదీసి బిగించాక ఎక్కడో ఒక క్లిప్పు విరిగి, గతుకులో కిటకిటమని చప్పుడొస్తుంది, ఆ చప్పుడు ఇక బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. ఎంజీబీ వాళ్ళ జోకు మన ఇంటికే వచ్చింది. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం బాగుచేసుకునే హక్కు మీద కమిటీ వేసినప్పుడు చూసిన నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. మాన్యువల్, విడిభాగాలు దొరకడం వరకు మంచిదే. కానీ పెట్టెకి దారి ఉందా లేదా అన్నది మాన్యువల్లో రాసేది కాదు, బాడీ గీసే రోజే తేలిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరుని ప్యూజోకి 80 కోట్లకి అమ్మేశారు. మిగిలిన బండ్లని బాగుచేసుకుందామనే ఉత్సాహం మనవాళ్ళలో, ముఖ్యంగా మన ఐటీ జనంలో, బాగా పెరిగింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి వేరే రూల్స్ తెచ్చింది. 50 ఏళ్ళు దాటి ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. నంబరులో వీఏ అని వస్తుంది, కొత్తగా రిజిస్టర్ చెయ్యడానికి 20 వేలు, పదేళ్ళ తర్వాత రెన్యూవల్‌కి 5 వేలు. రోజూ ఆఫీసుకి వేసుకుపోడానికి మాత్రం కుదరదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకే.

"అసలు రూపం" అన్న మాట దగ్గర ఆగండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కోసం తయారైన హీటర్లు ఇంగ్లండ్ నుంచి తెప్పించుకోవచ్చు. డ్యాష్‌బోర్డ్ నిండుగా కనిపిస్తుందని, ఫొటోల్లో బాగుంటుందని తెప్పించి బిగించేవాళ్ళున్నారు. నాకు అది నచ్చదు. 1965లో మన జిల్లాల్లో తిరిగిన అంబాసిడర్‌కి హీటర్ లేకపోవడమే అసలు రూపం. ఆ ఖాళీ చోటు మన ఎండ రాసిన చరిత్ర. దాంట్లో బర్మింగ్‌హామ్ చలిని తెచ్చి కూర్చోబెడితే అది ఆక్స్‌ఫర్డ్ అవుతుంది, అంబాసిడర్ కాదు. అదే తర్కంతో 1980ల్లో షెడ్లో వేలాడదీసిన ఏసీ పెట్టెని తీసెయ్యాలా అంటే మాత్రం నేను కొంచెం తడబడతాను. అది ఫ్యాక్టరీది కాదు, నిజమే. కానీ ఆ బండి బతుకులో అదీ ఒక భాగమే. దానికోసం ముందు గోడకి కొత్త చిల్లులు పొడిచి ఉంటే ఆ పెట్టె ఉంచడమే మేలని నా లెక్క. తీస్తే చిల్లులు మిగులుతాయి, వానాకాలంలో నీళ్ళు మిగులుతాయి.

ఇంతకీ హీటర్ ఉన్న పాత బండే మీ దగ్గరుంటే, ఊటీ నుంచో సిమ్లా నుంచో వచ్చిందో, లేక మీరే అమెరికాలో ఉన్నారో, తియ్యడం ఎలాగూ ఒకసారి కష్టపడాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు చేసే పనుల మీదే రెండోసారి సుఖం ఆధారపడుతుంది. గొట్టం, వైరు, స్క్రూ తీసిన వరస ఫోన్లో ఫొటోలు తీసుకోండి. మా వైపువాళ్ళైతే మార్కాపురం పలక మీద రాసుకున్నా సరే, నూనె చేతులకి ఫోన్ కంటే అదే నయం :-) చిన్న రేడియేటర్ని లోపల పెట్టకముందే పంక్చర్ షాపు తొట్లో ముంచి, ఒక కొస మూసి, ఇంకో కొసలో కొద్దిగా గాలి పట్టి చూడండి. బుడగలొస్తే టంకం వేయించాలి. రేడియేటర్ పని చేసే పాత మేస్త్రీలు ఇత్తడి, రాగి రేడియేటర్లకి ఇప్పటికీ చక్కగా వేస్తారు, అల్యూమినియం అయితే చెయ్యి అడ్డం తిప్పుతారు. ఫ్యాను కూడా బయటే బ్యాటరీకి తగిలించి పది నిమిషాలు తిప్పి వినండి. కొత్త స్పాంజిని పెట్టె వైపు మాత్రమే అతికించి, గోడ వైపు పల్చగా సిలికాన్ గ్రీజు రాస్తే ఈసారి రాయి కాదు. స్క్రూలు స్టీల్‌వి తీసేసి తుప్పు పట్టనివి వెయ్యండి. తీగని పెట్టె దించకముందే తలుపుకి తగిలించెయ్యండి, తర్వాత చెయ్యి పట్టదు. వేడినీళ్ళ గొట్టాలు రెండూ కొత్తవి వెయ్యాలి, బాగానే ఉన్నాయి కదా అని పాతవి మళ్ళీ దూర్చొద్దు. నీళ్ళు మాత్రం దయచేసి బోరువి వద్దు, డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ పొయ్యండి.

ఆఖరున డ్యాష్‌బోర్డ్ మూసేముందు, కనపడకుండా దాక్కున్న స్క్రూ ఏదో, దానికి ఏ సైజు పానా పట్టిందో ఒక చీటీ మీద రాసి గ్లవ్‌బాక్స్ మూత లోపలివైపు అతికించండి. మా సీనియర్ గారు ఆ చీటీ తెలుగులో రాశారట. ఆ బండి రేపు మిషిగన్లో ఏ తెల్లాయనో కొంటే చదువుకోడానికి తంటాలే మరి.